బోల్టు మీద బాణం గుర్తు: ఆస్ట్రోనాట్ల కళ్ళజోడు మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల సంచికల ఒక చిన్న ముక్క రాసినం, స్పేస్ స్టేషన్‌ల ఉండే ఆస్ట్రోనాట్లు తలకి ఒక కళ్ళజోడు లాంటి మెషిన్ తొడుక్కుంటే ఏ బోల్టు విప్పాలె ఏ వైరు పీకాలె అన్నది వాళ్ళ కండ్ల ముందట్నే బొమ్మలెక్క కనపడతదని. గంతే రాసినం, దానికి ఇన్ని ఉత్తరాలు ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తయని ఎడిటర్ గారు కూడ అనుకోలే. నేను థర్మల్ ప్లాంట్‌ల ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్ చేసి రిటైరైనోణ్ణి, అందుకే నాకు అప్పజెప్పిండ్రు, కాబట్టి ఇందుల స్పానర్ సంగతి ఎక్కువుంటది రాకెట్ సంగతి తక్కువుంటది, ముందే చెప్తున్న.

ప్రశ్న: సార్, ఆస్ట్రోనాట్లకి ఏండ్లకేండ్లు ట్రైనింగ్ ఇస్తరు కదా, మళ్ళ కండ్ల ముందట బాణం గుర్తు పెట్టి చూపించేంత అవసరం ఏమొచ్చింది? (బీటెక్ థర్డ్ ఇయర్ విద్యార్థిని, హనుమకొండ)

ట్రైనింగ్ ఇస్తరు బిడ్డా, కానీ ఏ మెషిన్ ఎప్పుడు చెడిపోతదో ట్రైనింగ్ ఇచ్చేటోళ్ళకి ఏం తెలుసు. స్టేషన్‌ల మామూలుగా ఏడుగురు ఉంటరు, అందుల ఒకరు డాక్టర్ కావొచ్చు ఇంకొకరు పైలట్ కావొచ్చు, పైకి పోయినంక మాత్రం అందరు ప్లంబర్లే అందరు ఎలక్ట్రీషియన్లే. మూత్రాన్ని మళ్ళ మంచినీళ్ళు చేసే సిస్టం పంపు 2024 లో చెడిపోతే, అర్జెంటుగా కొత్త పంపు పంపాల్సొచ్చి సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ పోయిన స్టార్‌లైనర్ అనే నౌకల వాళ్ళ బట్టల సూట్‌కేసులు దింపేసి ఆ జాగల పంపు పెట్టి పంపిండ్రు. బట్టలకంటె పంపు ముఖ్యం, అక్కడ బతుకే మెయింటెనెన్స్ మీద ఆధారం. అట్లాంటి మెషిన్లు వందల్ల ఉన్నయి, ఒక్కొక్కదానికి ఒక్కో ప్రొసీజర్, ఎప్పుడో భూమ్మీద ఒకసారి ప్రాక్టీస్ చేసిన పని పైకిపోయిన ఆరు నెలలకి చెయ్యాల్సొస్తే ఎవరికి యాదుంటది చెప్పు.

ఇగ పని ఎట్ల చేస్తరో చూడు. మొదట్ల కాయితం పుస్తకాలు, తర్వాత లాప్‌టాప్, ఇప్పుడు టాబ్లెట్ గూడ. ప్రొసీజర్‌ల ఒక స్టెప్ చదవాలె, తేలుకుంట పోయి ఆ స్టెప్ చెయ్యాలె, మళ్ళ తేలుకుంట వచ్చి తర్వాతి స్టెప్ చదవాలె. కాళ్ళు రెయిలింగ్ కింద ఇరికించుకోకపోతే స్పానర్ తిప్పినప్పుడు బోల్టు బదులు మనిషే తిరుగుతడు. విప్పిన స్క్రూ వదిలిపెడితే అది ఎటో పోతది, టేపుకో సంచికో అతికించాలె. రెండు చేతులు ఉన్నయి, పనికి మూడు కావాలె. దానికితోడు చెవుల హ్యూస్టన్ (కింద అమెరికాల ఉన్న నాసా కంట్రోల్ సెంటర్) వాళ్ళ మాట, "నీ ఎడమ దిక్కు రెండో వరుసల మూడో కనెక్టర్" అంటరు, మరి బరువులేని చోట తలకిందులుగ ఉన్నోనికి ఎడమ ఏది? నేను ప్లాంట్‌ల షట్‌డౌన్ అప్పుడు వాకీటాకీల ఇట్లనే "ఆ పైన, ఆ పక్కన" అని అరుచుకున్నోణ్ణి, ఏ పైన ఏ పక్కన అన్నది ఇద్దరికి ఒకటే ఉండదు, అందరికంటె ఎక్కువ టైం తినేది అదే.

నాసా, మైక్రోసాఫ్ట్ కలిసి 2015 లో సైడ్‌కిక్ అని ఒక ప్రాజెక్టు పెట్టింది అందుకే. హోలోలెన్స్ అనే హెడ్‌సెట్ తీస్కొని రెండు రకాలుగ వాడాలనుకున్నరు. ఒకటి, కింద కూసున్న ఎక్స్‌పర్ట్ ఆస్ట్రోనాట్ చూసేదే తనూ చూసుకుంట ఆ సీన్ మీదనే గీత గీసి "ఇది" అని చూపిస్తడు, ఆ గీత ఆస్ట్రోనాట్ కండ్లకి మెషిన్ మీదనే ఉన్నట్టు కనపడతది. రెండోది, కింద ఎవరూ లేకుండ ప్రొసీజరే బొమ్మలుగ మెషిన్ మీద వచ్చుడు. మొదటి జత కళ్ళజోళ్ళ కథ బాధాకరం, 2015 జూన్ 28 న స్పేస్‌ఎక్స్ రాకెట్‌ల పెట్టి పంపితే రెండు నిమిషాలు దాటినంక రాకెట్ గాల్లనే ముక్కలైంది. మళ్ళ డిసెంబర్‌ల సిగ్నస్ అనే సరుకు నౌకల ఇంకో జత పంపితే, ఏడాది పొడుగు మిషన్‌ల ఉన్న స్కాట్ కెల్లీ 2016 ఫిబ్రవరిల పెట్టుకొని చూసిండు.

నాసా కంటె ముందు ఐరోపా వాళ్ళు మొదలుపెట్టిండ్రు, అది గూడ చెప్పాలె. 2009 లోనే బెల్జియం ఆస్ట్రోనాట్ ఫ్రాంక్ డి విన్నె వేర్ అనే తల పరికరాన్ని స్టేషన్‌ల తొడుక్కొని చూసిండు. 2015 సెప్టెంబర్‌ల డెన్మార్క్ మనిషి ఆండ్రియాస్ మోగెన్సెన్ పది రోజుల కోసం పోయినప్పుడు మోబీపీవీ అని ఇంకోటి ట్రై చేసిండు, దాంట్ల ప్రొసీజర్ చేతుల పుస్తకం లేకుండ ఒంటి మీదనే ఉంటది, పైనోడు ఏ స్టెప్‌ల ఉన్నడో కిందోళ్ళకి గూడ అప్పటికప్పుడే తెలుస్తది. నా లెక్కల సగం ఉపయోగం దాంతోనే వచ్చేస్తది, బొమ్మలు గాల్ల తేలుడు తర్వాత సంగతి.

ప్రశ్న: నేను యూట్యూబ్ చూసుకుంట బిర్యాని చేస్తుంటే చేతులకి పెరుగూ మసాలా, ఫోన్ లాక్ అయిపోతది, ముక్కుతోని టచ్ చేస్త. ఇది గూడ అదే బాధేనా? ఇంకా, బొమ్మలు కండ్ల ముందట ఊగుతుంటే కండ్లు తిరగవా? (గృహిణి, నర్సంపేట)

అచ్చం అదే బాధ అమ్మా, నేను రెండు పేజీలు రాసింది మీరు ఒక్క లైన్‌ల చెప్పిండ్రు. చేతులు పనిల ఉన్నప్పుడు చదివేది ఎక్కడ పెట్టాలె అన్నదే మొత్తం కథ.

కండ్లు తిరుగుడు గురించి. ఇవి కండ్లు మూసే డబ్బాలు కావు, అద్దంలకెళ్ళి ఎదురుంగ ఉన్న గోడ, చెయ్యి, స్పానర్ అన్నీ మామూలుగనే కనపడతయి, వాటి మీద కొంచెం వెలుగుతోని బొమ్మ వచ్చి కూసుంటది. అందుకే సినిమా చూసే వీఆర్ డబ్బాలంత తిప్పుడు ఉండదు. కానీ బొమ్మ కనపడే జాగ చిన్నది, మొదటి హోలోలెన్స్‌ల ఒక మూలకెళ్ళి ఇంకో మూలకి దాదాపు 34 డిగ్రీలే, అంటే పెద్ద రాక్ (మెషిన్లు బిగించే బీరువా లాంటిది) ముందు నిలబడితే బాణం ఎక్కడుందో తల తిప్పి తిప్పి వెతుక్కోవాలె. రెండో మోడల్‌ల 52 డిగ్రీలు చేసిండ్రు, కొంచెం నయం. ఇక ఆస్ట్రోనాట్ల కండ్లకి వేరే కష్టం గూడ ఉన్నది, బరువులేని చోట ఒంట్ల నీరు తలకి ఎక్కి మొహం ఉబ్బుతది, నెలలకొద్దీ ఉంటే కొందరికి కంటి వెనక వాపొచ్చి చూపు మారతది, దగ్గరివి మసక అయితయి. అద్దాలల్ల సన్న అక్షరాలు పెట్టేటోళ్ళు ఈ సంగతి యాదిల పెట్టుకోవాలె.

ప్రశ్న: నేను లోకో షెడ్‌ల టెక్నీషియన్‌ని. ఇదంతా స్పేస్ వాళ్ళ కోసమే పుట్టిందా, మాలాంటి వాళ్ళకి గూడ వస్తదా? (కాజీపేట)

అన్నా, ఇది పుట్టిందే మీలాంటి వాళ్ళ కోసం. స్పేస్ వాళ్ళు తర్వాత తెచ్చుకున్నరు. తలకి స్క్రీన్ పెట్టి చూసే మొదటి మెషిన్ 1968 లో అమెరికాల ఇవాన్ సదర్లాండ్ తయారుచేసిండు, అది తల మీద మోసే బరువు కాదు గాబట్టి సీలింగ్‌కి వేలాడదీసిండ్రు. అది పరిశోధన. పనిల పెట్టాలన్న ఆలోచన 1992 లో బోయింగ్‌ల వచ్చింది, టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అని ఇద్దరు. విమానంల వైర్ల కట్టలు ఉంటయి కదా, వాటిని పెద్ద పెద్ద బోర్డుల మీద మేకుల నడుమ పరిచి కట్టేటోళ్ళు, ఒక్కో మోడల్‌కి ఒక్కో బోర్డు, కస్టమర్ కొంచెం మార్పు అడిగితే మళ్ళ ఇంకో బోర్డు, వాటిని దాచిపెట్టనీకే గోడౌన్లు కావాలె. దానికి వీళ్ళు ఏమన్నరంటె, బోర్డు ఖాళీగ పెట్టుండ్రి, ఏ వైరు ఎటు పోవాలె అన్నది కార్మికుని కళ్ళద్దంల చూపిద్దాం, విమానం మారితే బొమ్మ మార్చుకుంటం అని. ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) అని ఆ టెక్నాలజీకి పేరు పెట్టింది గూడ వాళ్ళే. సైంటిస్టుల ఆట వస్తువు కాదు, వైర్లు కట్టే మనిషి కోసం పుట్టింది, ఇది చాలామందికి తెల్వదు.

మీ షెడ్‌కి పనికొస్తదా అంటె, నా మాట ఏందంటె రోజూ చేసే పనికి అక్కర్లేదు. బ్రేక్ బ్లాక్ మార్చుడు మీకు కండ్లు మూసుకొని వచ్చు, బాణం గుర్తు అడ్డమే. ఏడాదికోసారి వచ్చే పని, వందల వైర్లున్న కంట్రోల్ ప్యానెల్, కొత్తగ వచ్చిన ఇంజన్ల ఎవరూ ముట్టని బాక్సు, ఇట్లాంటి వాటికి బ్రహ్మాండంగ పనికొస్తది. స్టేషన్‌ల గూడ అదే, అక్కడ దాదాపు ప్రతి రిపేరు ఆ మనిషికి మొదటిసారే.

ప్రశ్న: అంకుల్, స్పేస్‌ల పైన కింద ఉండదు కదా, మరి కళ్ళజోడుకి బోల్టు ఎక్కడుందో ఎట్ల తెలుస్తది? (9వ తరగతి, పరకాల)

తమ్మీ, ఈ ప్రశ్న హ్యూస్టన్‌ల ఇంజినీర్లు గూడ నెత్తి పట్టుకున్న ప్రశ్న, కూసో, పూర్తిగ చెప్త.

నీ ఇంట్ల ఫోన్ అడ్డం తిప్పితే వీడియో అడ్డం తిరుగుతది కదా, లోపల ఒక సెన్సర్ భూమి ఎటు గుంజుతుందో పట్టుకుంటది కాబట్టి. కళ్ళజోడుల గూడ అదే సెన్సర్ ఉంటది, దాంతోపాటు తల ఎంత తిరిగిందో చెప్పే గైరో, ముందట నాలుగు దిక్కులు చూసే కెమెరాలు. మూడు కలిపి "నేను ఈ గదిల ఇక్కడున్న, ఇటు చూస్తున్న" అని క్షణక్షణం లెక్క కడతది. ఆ లెక్క ఉంటేనే బాణం బోల్టు మీద నిలబడతది.

ఇప్పుడు స్టేషన్‌కి పోదాం. చాలామంది అక్కడ గ్రావిటీ లేదనుకుంటరు, 400 కిలోమీటర్ల ఎత్తుల గూడ ఇక్కడి గ్రావిటీల దాదాపు 90 శాతం ఉంటది. కాకపోతే స్టేషన్ గంటకి 28,000 కిలోమీటర్ల స్పీడ్‌తోని భూమి చుట్టూ పడుకుంటనే పోతది, దాంతోపాటు మనిషి పడతడు, కళ్ళజోడు గూడ పడతది, అందరు కలిసి పడుతున్నరు గాబట్టి ఎవరికీ బరువు తెల్వదు. సెన్సర్‌కి గూడ తెల్వదు, అది సున్నా చూపిస్తది. భూమ్మీద రాసిన ప్రోగ్రాం ఏమనుకుంటదంటె, 9.8 రావాల్సిన చోట సున్నా వచ్చిందంటె ఈ తల ఎటో దూసుకపోతుంది అని. ఉత్తగ ఆ ఒక్క సెన్సర్‌నే నమ్మి లెక్క కడితే ఒక్క సెకండ్‌లనే దాదాపు 5 మీటర్లు తప్పు వస్తది, బాణం పక్క గదిల తేలుతది. కెమెరాలు "అరె మనం కదల్లే" అంటయి, సెన్సర్ "కదిలినం" అంటది, ప్రోగ్రాం నడుమ పరేషాన్ అయితది. ఓడల్ల, లిఫ్టుల్ల, నడిచే బస్సుల్ల గూడ ఇదే లొల్లి, ఆ తర్వాత హోలోలెన్స్ 2 కి కదిలే వాహనాల్ల వాడుకునే సెట్టింగ్ ఒకటి వేరేగ తేవాల్సి వచ్చింది.

పైకి పంపకముందు పరీక్ష ఎట్ల చేసిండ్రంటె, రెండు చోట్ల. ఫ్లోరిడా దగ్గర సముద్రం అడుగున అక్వేరియస్ అని ఒక ఇల్లు ఉన్నది, ఆస్ట్రోనాట్లు అందుల రోజులకొద్దీ ఉండి ప్రాక్టీస్ చేస్తరు, 2015 జూలైల హోలోలెన్స్ అక్కడ వాడిండ్రు. కానీ నీళ్ళ కింద ఉన్నా గ్రావిటీ గ్రావిటీనే, ఆ ఇంట్ల కింద కిందనే పైన పైననే, కాబట్టి ఈ సెన్సర్ లొల్లి అక్కడ బయటపడదు. దానికి విమానం కావాలె, పైకి లేసి కిందికి వంగి ఉయ్యాల ఊగినట్టు పోయే విమానంల ఒక్కో ఊపుకి ఇరవై సెకండ్ల పైచిలుకు బరువులేని స్థితి వస్తది, అందుల పెట్టి చూసిండ్రు. ఇరవై సెకండ్లల్ల ఏం చూస్తరో గాని, అదొక్కటే దారి.

ఇంకో సంగతి. స్టేషన్ గోడలు నాలుగు దిక్కులా ఒక్కతీరుగ ఉండే రాక్‌లు, వాటి మీద వైర్లు, సంచులు, టేపులు, రోజుకో తీరుగ మారతయి. నిన్న కెమెరా గుర్తుపట్టిన మూలకి ఇవ్వాళ ఒక బ్యాగు వేలాడతది. 2000 నవంబర్ కెళ్ళి మనుషులు ఉంటున్న ఇల్లు అది, డ్రాయింగుల ఉన్నట్టు ఎందుకుంటది. బాణం రెండు సెంటీమీటర్లు జరిగి పక్క బోల్టు మీద నిలబడితే, బాణం లేనికంటె అధ్వాన్నం, ఎందుకంటె మనిషి నమ్ముతడు.

ప్రశ్న: బ్యాటరీ ఎంతసేపొస్తది, బరువెంత? (మహబూబాబాద్)

హోలోలెన్స్‌లు గట్టిగ వాడితే రెండు మూడు గంటలు. బరువు అర కిలో పైన, మొదటిది 579 గ్రాములు, రెండోది 566. పైన బరువు తెల్వదు గాని తల గిర్రున తిప్పితే అది ఆలస్యంగ తిరుగుతది, పట్టీ గట్టిగ బిగించుకోవాలె.

ప్రశ్న: స్పేస్ వాక్ చేసేటప్పుడు హెల్మెట్ లోపల్నే స్క్రీన్ పెడితే అయిపాయె కదా, సినిమాల్ల అట్లనే ఉంటది. నేను బొగ్గు గనిల చేస్త, మాకు గూడ హెల్మెట్ ఉంటది అందుకే అడుగుతున్న. (భూపాలపల్లి)

గనిల పనిచేసే మీకు ఈ జవాబు తొందరగ అర్థమైతది అన్నా, గని లోపలికి మామూలు ఫోన్ ఎందుకు తీస్కపోనియ్యరు? నిప్పురవ్వ. స్పేస్ సూట్‌ల గూడ అదే భయం. మనం పీల్చే గాలిల ఆక్సిజన్ 21 శాతమే, సూట్‌ల మొత్తం ఆక్సిజనే నింపుతరు, ఒత్తిడి మాత్రం 4.3 పీఎస్ఐ, అంటే ఇక్కడి గాలి ఒత్తిడిల మూడో వంతు గూడ లేదు. ఎక్కువ ఒత్తిడి పెడితే సూట్ ట్యూబులెక్క బిగుసుకొని చెయ్యి వంగదు. ఒట్టి ఆక్సిజన్‌ల రవ్వ లేస్తే ఏమైతదో 1967 జనవరి 27 న చూసిండ్రు, అపోలో 1 క్యాబిన్‌ల నేలమీద టెస్ట్ చేస్తుండంగనే మంటలొచ్చి ముగ్గురు చనిపోయిండ్రు. అందుకని మొహం పక్కన బ్యాటరీ, సర్క్యూట్, వేడెక్కే చిప్పు పెట్టాలంటె వంద సర్టిఫికెట్లు అడుగుతరు, అడగాలె గూడ.

మరి ఇప్పుడేం చేస్తున్నరు? నవ్వుతరేమో, మణికట్టుకి చిన్న పుస్తకం, ఎక్కువ చేసి గట్టి పేజీలది, అపోలో కాలం కెళ్ళి అదే పద్ధతి. ఇంకా మణికట్టుకి ఒక చిన్న అద్దం. ఎందుకంటె సూట్ కంట్రోళ్ళు ఛాతి మీద ఉంటయి, హెల్మెట్‌లకెళ్ళి తల వంచి చూడరాదు, అద్దంల చూసుకోవాలె, అద్దంల సక్కగ కనపడాలని ఛాతి మీద అక్షరాలే తిరగేసి రాసిండ్రు. కోట్ల డాలర్ల సూట్‌ల ఇంకా అద్దంల చదువుకునుడే, నాకైతే ఇది మస్తు నచ్చుతది, ఎందుకంటె అద్దానికి బ్యాటరీ అయిపోదు.

హెల్మెట్ లోపల ఏదన్న చెడిపోతే ఏమైతదో చెప్పే కథ ఒకటున్నది. 2013 జూలై 16 న ఇటలీ ఆస్ట్రోనాట్ లూకా పర్మితానో బయట పనిల ఉండంగ సూట్ చల్లబెట్టే నీళ్ళు లీకై హెల్మెట్‌లకి వచ్చినయి, బరువులేని చోట నీళ్ళు కిందికి కారవు కదా, మొహానికి అతుక్కొని కండ్లు ముక్కు కప్పేసినయి. కనపడక, సరిగ వినపడక తన తాడు పట్టుకొని తడుముకుంట లోపలికొచ్చిండు. ఆ తర్వాత హెల్మెట్లల్ల నీళ్ళు పీల్చే ప్యాడు, గాలి పీల్చుకోను ఒక గొట్టం పెట్టిండ్రు. అట్లాంటప్పుడు ఏ స్క్రీనూ పనికిరాదు, తాడు పనికొస్తది.

అయినా సరే ప్రయత్నాలు ఆగలే. చంద్రుని మీద నడిచే సూట్లల్ల సమాచారం ఎట్ల చూపించాలన్న దాని మీద నాసా 2018 కెళ్ళి సూట్స్ అని అమెరికా కాలేజీ పిల్లలకి ఏటా ఒక పోటీ పెడుతది, పిల్లలు వాళ్ళ డిజైన్‌లు హ్యూస్టన్‌కి తెచ్చి రాళ్ళ మైదానంల చీకటి పడ్డంక పరీక్ష చేస్తరు. గ్లవ్స్‌తోని గాల్ల వేలు తిప్పి బటన్ నొక్కరాదు, ఫ్యాను సప్పుడుల మాట సరిగ వినుడు కష్టం, ఎండ సూటిగ పడితే అద్దంల బొమ్మే కనపడదు, ఇవే అక్కడ అసలు గొడవలు.

ప్రశ్న: కింద హ్యూస్టన్‌ల అంతమంది ఎక్స్‌పర్ట్లు ఉండంగ, ఆడియో కాల్ పెట్టుకుంటె సరిపోదా? (కరీంనగర్)

స్టేషన్ వరకైతే చాలామట్టుకు సరిపోతది. 2021 లో మేగన్ మెకార్థర్ కోల్డ్ ఆటమ్ ల్యాబ్ అనే పరికరం లోపల ఒక ముక్క మార్చినప్పుడు హోలోలెన్స్ పెట్టుకున్నది, కాలిఫోర్నియాల ఉన్న టీం ఆమె చూసేదే చూసుకుంట, ఆమె కండ్ల ముందట గుర్తులు పెట్టి గైడ్ చేసిండ్రు. మాటలతోని చెప్పి, ఆమె అర్థం చేసుకొని, "ఇదేనా" అని అడిగి, "కాదు పక్కది" అనుకునే బాధ తప్పింది. కిందోళ్ళు ఉన్నరు గాబట్టి అది కుదిరింది.

చంద్రుని దగ్గర మాట పోయి రావాలంటె రెండున్నర సెకండ్ల పైన పడతది, ఓర్చుకోవచ్చు. మార్స్‌కి పోతే? ఒక దిక్కు పోవుడికే 3 నిమిషాల కెళ్ళి 22 నిమిషాలు, రెండు గ్రహాలు ఎక్కడున్నయన్న దాన్నిబట్టి. "ఈ వైరు కొయ్యాల్నా?" అని అడిగితే, మార్స్ బాగ దూరంల ఉన్నప్పుడు జవాబు వచ్చేసరికి దాదాపు ముప్పావు గంట అయితది. నడుమ సూర్యుడు అడ్డమొస్తే దాదాపు రెండు వారాలు మాటే ఉండదు. ఆడియో కాల్ మీద ఆధారపడ్డ మెయింటెనెన్స్ అక్కడ నడవదు.

అందుకే నాకు అన్నిట్ల ముఖ్యమనిపించేది ట్రెడ్‌మిల్ టెస్టు. స్టేషన్‌ల టీ2 అని ఒక పరుగు మెషిన్ ఉన్నది, రోజూ ఎక్సర్‌సైజ్ చెయ్యకపోతే ఎముకలు కండరాలు కరుగుతయి గాబట్టి అది ఆగితే పెద్ద కష్టం. 2021 లో జపాన్ ఆస్ట్రోనాట్ సోయిచి నోగుచి హోలోలెన్స్ పెట్టుకొని దాన్ని తనిఖీ చేసిండు, ప్రొసీజర్ మొత్తం అద్దంలనే, కిందోళ్ళ సాయం లేకుండ చేసే పద్ధతిని పరీక్షించనీకే అది. చూడనీకె చిన్న పని. మార్స్‌కి పోయే దారిల మాత్రం ఇగ అట్లాంటి పనులే. వైద్యం గూడ ఇదే దారిల ఉన్నది, డాక్టర్ కాని మనిషి అల్ట్రాసౌండ్ తియ్యాలంటె ప్రోబ్ ఒంటి మీద ఎక్కడ పెట్టాలె, ఎట్ల వంచాలె అని అద్దంల చూపించే మెషిన్ ఐరోపా వాళ్ళు 2012 నాటికే నమూనా చేసిండ్రు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ బంద్ పెట్టిందట కదా, ఇంకెందుకు ఈ ముచ్చట? (జనగామ)

నిజమే, 2024 అక్టోబర్‌ల హోలోలెన్స్ 2 తయారీ ఆపేసినమని చెప్పిండ్రు, సెక్యూరిటీ అప్‌డేట్లు 2027 చివరి వరకు ఇస్తరు. దుకాణంల మోడల్ పోతే పోయింది. స్పేస్ వాళ్ళకి ఇది అలవాటే, స్టేషన్ ముప్పై ఏండ్లు నడిచే సామాను, దాంట్ల పెట్టే కంప్యూటర్లు కెమెరాలు నాలుగేండ్లకే పాతవైతయి. అసలు పెట్టుబడి అద్దంల లేదు, ప్రొసీజర్‌ల ఉన్నది. ఒక్కో స్టెప్‌కి ఏ బొమ్మ, ఎక్కడ నిలబడాలె, తప్పుచేస్తే ఏం చూపించాలె, ఇవన్నీ ఎవరో ఒకరు కూసొని రాయాలె, ఆ రాసింది ఒక్క కంపెనీ హెడ్‌సెట్‌లనే నడిచేటట్టు రాస్తే మాత్రం నీ ప్రశ్న కరెక్టే, మునిగినట్టే.

ప్రశ్న: నలబై ఏండ్ల కెళ్ళి మెకానిక్‌ని. బాణం చూసి బోల్టు విప్పేటోడు మెకానిక్ ఎట్ల అయితడు సార్? చెవితోని విని చెప్పాలె ఏం పోయిందో. (ఆటోనగర్, వరంగల్)

ఉస్తాద్, మీతోని నేను కొట్లాట పెట్టుకోను, సగం మీ దిక్కే. బాణం ఏది విప్పాలో చెప్తది, ఎందుకు చెడిపోయిందో చెప్పదు. ఎంత బిగిస్తే చాలు అన్నది టార్క్ రెంచ్ చెప్తది, బోల్టు థ్రెడ్ పాడైంది ఇంక బిగించకు అని చెయ్యే చెప్తది. మా ప్లాంట్‌ల గూడ కొత్త పిల్లగాండ్లు స్క్రీన్ మీద వాల్వ్ ఓపెన్ అని చూపిస్తే ఓపెన్ అనే నమ్మేటోళ్ళు, పోయి చెయ్యి పెట్టి చూడరా అంటె ముఖం ముడుచుకునేటోళ్ళు.

కానీ రెండో సగం వినుండ్రి. మీరు నలబై ఏండ్ల నుంచి ఇంజన్లే విప్పుతున్నరు. ఆ ఆస్ట్రోనాట్ పొద్దుగాల రక్తం సాంపిల్ తీసి, పగటీలి టాయిలెట్ పంపు మార్చి, రాత్రి కెమెరా లెన్స్ బిగిస్తడు, ఏ ఒక్కదాంట్లనూ ఉస్తాద్ అయ్యే టైం వానికి లేదు. వానికి ఉస్తాద్ పక్కన నిలబడి "ఇది కాదురా, అది" అనాలె, ఆ ఉస్తాద్ 400 కిలోమీటర్ల కింద ఉన్నడు, రేపు కోట్ల కిలోమీటర్ల దూరంల ఉంటడు. కాబట్టి ఉస్తాద్ మాటలు ముందే రాసి పెట్టుకోవాలె. అవి రాయాల్సింది ఎవరు? సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక్కళ్ళే కూసొని రాస్తే "కవర్ తీయండి" అని ఒక స్టెప్ రాస్తరు, ఆ కవర్ కింది క్లిప్పు ముందు నొక్కకపోతే విరుగుతదని మీకే తెలుసు. ఆ క్లిప్పు సంగతి ప్రొసీజర్‌లకి ఎక్కలేదంటె కళ్ళజోడు ఎంత గొప్పదైనా క్లిప్పు విరుగుతది. నా అభిప్రాయంల ఈ మొత్తం టెక్నాలజీల తక్కువ పైసలు, తక్కువ మర్యాద దొరికే పని ప్రొసీజర్ రాసుడే, అన్నిట్ల కష్టం గూడ అదే.

ప్రశ్న: మేము పాలిటెక్నిక్ ఫైనల్ ఇయర్, దీని మీద ప్రాజెక్ట్ చెయ్యాలని ఉన్నది, హెడ్‌సెట్ కొనే పైసలు లేవు. ఏం చెయ్యమంటరు? (నలుగురు విద్యార్థులు, వరంగల్)

హెడ్‌సెట్ కొనకుండ్రి. ఫోన్ ఉన్నది కదా, ఫోన్ కెమెరాల ఏఆర్ చేసే సాఫ్ట్‌వేర్లు ఫ్రీగనే దొరుకుతయి, ఫోన్‌ని ఒక స్టాండ్‌కి బిగిస్తే చేతులు ఖాళీ. హాస్టల్‌ల నీళ్ళ పంపు ఉంటది, దాని గ్లాండ్ రోప్ (నీళ్ళు కారకుండ షాఫ్ట్ చుట్టూ పెట్టే తాడు) మార్చుడు ఒక్క పని తీస్కోండ్రి, మొత్తం పంపు వద్దు. ఆ పని చేసే మనిషిని పిలిచి చాయ్ తాపి, చేస్తుండంగ వీడియో తియ్యుండ్రి, నడుమ నడుమ "ఇట్ల ఎందుకు చేసినవ్ కాకా" అని అడుగుండ్రి, ఆయన చెప్పకుండ చేసే పనులే మీ ప్రాజెక్ట్. తర్వాత పంపు మీద నల్ల తెల్ల గుర్తులు ప్రింట్ తీసి అతికించి బాణాలు వాటికి కట్టుండ్రి, లేకపోతే నూనె మరకల మీద ఫోన్‌కి ఏం గుర్తు దొరకదు.

పరీక్ష ఎట్లంటె, ఈ పని ఎన్నడూ చెయ్యని క్లాస్‌మేట్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కాయితం, ఇంకో గుంపుకి ఫోన్ ఇచ్చి చూడుండ్రి. టైం ఒక్కటే రాసుకోకుండ్రి, తప్పులు గూడ రాయుండ్రి, ఎక్కడ ఆగి వెనక్కి పోయిండ్రో అది గూడ రాయుండ్రి. ఫోన్ గుంపు లేటైనా దాచిపెట్టకుండ్రి, అట్ల ఎందుకైందో రాస్తేనే మీ గైడ్ సార్ మార్కులేస్తడు. ఇంకా మొదటి స్టెప్, మెయిన్ స్విచ్ బంద్ చేసి ఫ్యూజు పీకి పని చేసేటోని జేబుల పెట్టుకునుడు, దానికి బాణం లేకున్నా పరవాలేదు, పెద్ద అక్షరాలతోని రాయుండ్రి, ఆ స్టెప్ అయిందని నొక్కితే గాని రెండో స్టెప్ కనపడొద్దు.